పేగు టీబీ చికిత్స మధ్యలో కామెర్లు: మందులు ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం

రోగి 38 ఏళ్ల తాపీ మేస్త్రీ. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాం. నాలుగు నెలలుగా కుడి పొత్తికడుపులో వచ్చిపోయే నొప్పి, సాయంత్రమయ్యేసరికి సన్నటి జ్వరం ఉన్నాయి. 52 కిలోల మనిషి 44 కిలోలకు దిగాడు. "కడుపులో గుడగుడమని ఏదో ఉండకట్టుకుని కదులుతుంది, అది జారిపోతే నొప్పి పోతుంది" అన్నాడు. పేగు ఎక్కడో సన్నబడిందని చెప్పడానికి ఇంతకంటే మంచి వర్ణన పాఠ్యపుస్తకాల్లోనూ దొరకదు.

సీటీలో చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట కొద్ది మేర గోడ మందంగా కనిపించింది. పక్కనున్న లింఫు గ్రంథుల మధ్యభాగం కుళ్లినట్టు నల్లగా ఉంది. కొలనోస్కోపీలో సీకంలో (పెద్దపేగు మొదటి భాగంలో) అడ్డంగా సాగిన పుళ్లు, మూసుకోకుండా నోరు తెరిచి ఉన్న ఇలియోసీకల్ కవాటం, అంటే రెండు పేగుల మధ్య తలుపు. టీబీలాగే కనిపించే మరో పేగు జబ్బు క్రోన్స్‌లో పుళ్లు ఎక్కువగా పేగు పొడవునా సాగుతాయి, మధ్యమధ్యలో ఆరోగ్యంగా ఉన్న పొర కనిపిస్తుంది. ఇక్కడ ఆ తీరు లేదు. పుండు అంచు నుంచి, అడుగు నుంచి కలిపి 8 ముక్కలు తీశారు. ఆరింటిని ఫార్మలిన్‌లో, రెండింటిని సెలైన్‌లో పంపారు. ఈ విభజన చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ముక్కలన్నీ ఫార్మలిన్ సీసాలోకి పోయాయంటే క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌కు దారి మూసుకుపోయినట్టే, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే ట్రూనాట్ పరీక్ష కూడా నమ్మదగ్గదిగా రాదు. పేగు ముక్కల్లో క్రిముల సంఖ్య తక్కువ కాబట్టి ట్రూనాట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదనలేం. ఈ కేసులో పాజిటివ్ వచ్చింది, రిఫాంపిసిన్ నిరోధకత లేదు. బయాప్సీలో కేసియేషన్‌తో (మధ్యభాగం జున్నులా కుళ్లడం) కూడిన పెద్ద గ్రాన్యులోమాలు, అంటే టీబీలో కనిపించే కణాల ముద్దలు కనిపించాయి. రోగనిర్ధారణలో సందేహం మిగల్లేదు.

తప్పు మందుల కార్డు మీద జరిగింది.

జాతీయ టీబీ కార్యక్రమంలో పెద్దలకిచ్చే నాలుగు మందుల కలయిక మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఎథాంబ్యూటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. 35 నుంచి 49 కిలోలవారికి రోజుకు 3 మాత్రలు, 50 నుంచి 64 కిలోలవారికి 4. కార్డు మీద బరువు 52 అని ఉంది. త్రాసు ఎక్కించకుండా అడిగి రాసిన అంకె అది, జబ్బు రాకముందు బరువు. దాంతో 44 కిలోల మనిషికి రోజూ 4 మాత్రలు వెళ్లాయి. లెక్క వేస్తే పైరజినమైడ్ 1600 మి.గ్రా., అంటే కిలోకు 36. ఉండాల్సింది 20 నుంచి 30 మధ్య. ఐసోనియాజిడ్ కిలోకు 5 ఉండాల్సింది 6.8 అయింది. మూడు మాత్రలే ఇచ్చి ఉంటే పైరజినమైడ్ కిలోకు 27, ఐసోనియాజిడ్ 5.1 పడేవి. టీబీ మందులతో వచ్చే లివర్ దెబ్బ చాలామందిలో మోతాదుతో పనిలేకుండా, వాళ్ల శరీర తత్వాన్ని బట్టి వస్తుంది. పైరజినమైడ్ విషయంలో మాత్రం మోతాదు పాత్ర గట్టిగా ఉంది. తొలిరోజుల్లో కిలోకు 40, 50 చొప్పున వాడినప్పుడు హెపటైటిస్ ఎక్కువగా రావడం వల్లే ఆ మందును చాలాకాలం పక్కన పెట్టారు. కాబట్టి ఈ కేసులో మోతాదు తప్పే ఏకైక కారణమని అనలేం, నిర్దోషి అనీ అనలేం.

రెండో లోపం, మందులు మొదలుపెట్టే ముందు లివర్ పరీక్ష చేయకపోవడం. మద్యం గురించి కార్డులో "అప్పుడప్పుడు" అని ఉంది. తర్వాత విడమరిచి అడిగితే తేలింది వారానికి మూడు క్వార్టర్లు. 180 మి.లీ. విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. "తాగుతావా?" అనే ప్రశ్నకు "అప్పుడప్పుడు" అనే జవాబే వస్తుంది. "పోయిన వారం ఎన్ని క్వార్టర్లు?" అని అడిగితే అంకె వస్తుంది.

31వ రోజు నుంచి 42వ రోజు దాకా

మందులు మొదలుపెట్టిన 31వ రోజున అన్నం సయించలేదు, పోపు వాసనకే వాంతి. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని పాంటోప్రజోల్, వాంతుల మాత్ర ఇచ్చాడు. టీబీ మాత్రలు "ఒక్క రోజు కూడా మానకూడదు" అని చెప్పి ఉన్నారు కాబట్టి రోగి మానలేదు. 36వ రోజుకు మూత్రం డికాక్షన్ రంగుకు మారింది. 38న కళ్లు పచ్చబడ్డాయి. 38, 39, 40 రోజుల్లో పరగడుపున పసరు తాగించారు, దాంతోపాటు చప్పిడి పథ్యం పెట్టారు. టీబీ మాత్రలు ఆగింది 41న, ఆసుపత్రిలో చేరింది 42న.

అంటే తొలి లక్షణానికీ మందు ఆపడానికీ మధ్య పది రోజులు గడిచాయి. ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగింది ఈ పది రోజుల్లోనే. కామెర్లు కనిపించేదాకా మందు కొనసాగినవారిలో ఫలితాలు బాగా దెబ్బతింటాయి. మందుల వల్ల లివర్ కణాలు చెడి, దాంతో కామెర్లు కూడా తోడైతే పదిమందిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంటుందని లివర్ నిపుణుడు హైమాన్ జిమర్‌మాన్ ఏనాడో గమనించాడు. టీబీ మందుల సమూహంలో, ముఖ్యంగా మన దేశపు ఆసుపత్రి లెక్కల్లో, మరణాలు అంతకంటే ఎక్కువ. "మానకూడదు" అనే మాటతోపాటే "అన్నం సయించకపోతే, వాంతులైతే, మూత్రం రంగు మారితే ఆ రోజు మాత్ర వేసుకోకుండా వచ్చి రక్తపరీక్ష చేయించుకో" అనే మాట కూడా చెప్పాలి. టీబీ మందులు వాడుతున్నవారిలో కొత్తగా వాంతి మొదలైతే అడగాల్సింది ఏఎల్‌టీ, అంటే లివర్ కణాలు చెడితే రక్తంలో పెరిగే ఎంజైమ్. పాంటోప్రజోల్ ఆ తర్వాతి సంగతి.

చేరిన రోజు: బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 9.6, అందులో డైరెక్ట్ 6.1. ఏఎల్‌టీ 864, ఏఎస్‌టీ 1022, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, అల్బుమిన్ 2.6, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) 1.9, క్రియాటినిన్ 0.8, హిమోగ్లోబిన్ 9.2. తెలివి స్పష్టంగా ఉంది. చేతులు చాపి మణికట్లు వెనక్కి వంచి ఉంచమంటే వణుకు లేదు. లివర్ జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు 22.

ఏఎల్‌టీని దాని గరిష్ట సాధారణ విలువ 40తో భాగిస్తే 21.6, ఫాస్ఫటేజ్‌ను 120తో భాగిస్తే 1.4. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 15 పైన వస్తుంది. 5 దాటితే దెబ్బ లివర్ కణాలదే, పిత్తనాళాలది కాదు.

మందులదే తప్పా?

కామెర్లు రాగానే టీబీ మందుల మీదకు నెట్టేయడం తేలిక. మన దగ్గర కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది: వారం వాంతులు, ఆ తర్వాత కామెర్లు, వందల్లోనో వేలల్లోనో ఏఎల్‌టీ. అది తేల్చకుండా మంచి మందుల్ని శాశ్వతంగా తీసేస్తే రోగి ఏడాదిపాటు బలహీనమైన చికిత్సతో మిగిలిపోతాడు. ఇక్కడ హెపటైటిస్ ఎ, ఇ ఐజీఎం, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌బీ కోర్ ఐజీఎం, హెచ్‌సీవీ, హెచ్ఐవీ అన్నీ నెగెటివ్. ఆటోఇమ్యూన్ జబ్బుకు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బుకు చేసే ఏఎన్ఏ పరీక్ష నెగెటివ్. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళాలు ఉబ్బలేదు, సిరోసిస్ ఛాయలు లేవు. మద్యం వల్ల వచ్చే హెపటైటిస్‌లో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ సాధారణంగా 400 దాటవు కాబట్టి దాన్నీ పక్కన పెట్టారు.

మిగిలిన చిక్కు ఇంటి మందులది. పసరు తాగింది లక్షణాలు మొదలయ్యాక. కాబట్టి జబ్బును అది తెచ్చిపెట్టలేదు, ముదరబెట్టి ఉండొచ్చు. ఆ పసరులో ఏ ఆకు ఉందో తెచ్చినవాళ్లకే తెలియదు. దీనికంటే ఇబ్బందికరమైనది తిప్పతీగ. చికిత్స మొదలైన రెండు వారాలకు "ఒంట్లో బలానికి" అని దాని రసం మొదలుపెట్టారు. ఈ సంగతి భార్య మూడోసారి అడిగితే చెప్పింది, అదీ అది మందు కాదన్న ఉద్దేశంతో. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో ఆటోఇమ్యూన్ తరహా హెపటైటిస్ కేసులు మొదట ముంబైలో, ఆ తర్వాత దేశంలో చాలా కేంద్రాల్లో నమోదయ్యాయి. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే కాదంటారు. "ఆకు, కషాయం, చూర్ణం, పసరు" అని పేర్లు పెట్టి అడగాలి.

లివర్ దెబ్బకు మందే కారణమా అని మార్కులు వేసే రూకామ్ లెక్కలో మందు మొదలైన 5 నుంచి 90 రోజుల మధ్య లక్షణాలు రావడానికి 2, ఆపాక 8 రోజుల్లో ఏఎల్‌టీ సగానికి పైగా దిగడానికి 3, మద్యానికి 1, ఇతర కారణాలు తోసిపుచ్చినందుకు 2, ఈ మందుల లివర్ ప్రమాదం ముందే తెలిసినదైనందుకు 2, తిప్పతీగ కలిసినందుకు మైనస్ 2. మొత్తం 8, అంటే "బహుశా ఇవే". అయితే రూకామ్ నాలుగు మందుల్లో దోషి ఎవరో చెప్పదు. అది తేలాల్సింది మందులు మళ్లీ మొదలుపెట్టినప్పుడే.

వార్డులో

అన్నీ ఆపేశారు: నాలుగు టీబీ మందులు, తిప్పతీగ, పసరు, పారాసెటమాల్. విటమిన్ కె 10 మి.గ్రా. మూడు రోజులు సిరలోకి ఇచ్చారు. రక్తస్రావం లేనప్పుడు ప్లాస్మా ఎక్కించలేదు. ఎక్కిస్తే ఐఎన్ఆర్ అంకె బాగుపడుతుంది, లివర్ బాగుపడదు. రోగి ఎటు పోతున్నాడో చెప్పే ప్రధాన దిక్సూచి కూడా పోతుంది. ఐఎన్ఆర్ రోజుకు రెండుసార్లు, గ్లూకోజ్ ఆరు గంటలకోసారి చూశారు. నిద్ర మాత్రలు నిషేధం. రాత్రి నిద్రపోకుండా పగలు జోగితే వెంటనే చెప్పమని భార్యకు నేర్పారు. లివర్ పాడై మెదడు మందగించే స్థితి, అంటే ఎన్‌కెఫలోపతి, తొలి గుర్తును డ్యూటీ డాక్టర్ కంటే ఇంటివాళ్లే ముందు పసిగడతారు. లివర్ మార్పిడి కేంద్రంతో మొదటి రోజే మాట్లాడి పెట్టుకున్నారు, ఎందుకంటే తెలివి తప్పడం మొదలయ్యాక అంబులెన్స్ వెతుక్కునే సమయం ఉండదు.

పారాసెటమాల్ విషానికి విరుగుడుగా వాడే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ ఇచ్చారు. మోతాదు: కిలోకు 150 మి.గ్రా. చొప్పున 6600 మి.గ్రా. గంటలో, 50 చొప్పున 2200 మి.గ్రా. నాలుగు గంటల్లో, ఆపైన గంటకు 275 మి.గ్రా. 67 గంటలు, అన్నీ 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో. మొదటి గంటలో దద్దుర్లు, ఆయాసం వస్తాయేమో పక్కన కూర్చుని చూడాలి. వస్తే ఆపి, యాంటీహిస్టమిన్ ఇచ్చి, వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టొచ్చు. దీని వెనక ఆధారం ఎంత? పారాసెటమాల్ కాని కారణాలతో లివర్ విఫలమైన 173 మంది మీద 2009లో వచ్చిన అమెరికా ప్రయోగంలో, తొలి దశ ఎన్‌కెఫలోపతి ఉన్నవారిలో మార్పిడి లేకుండా బతికినవారు 52 శాతం, మందు లేనివారిలో 30 శాతం. టీబీ మందుల దెబ్బ మీదే 2021లో దక్షిణాఫ్రికా ప్రయోగం వచ్చింది. ఏఎల్‌టీ దిగే వేగంలో తేడా రాలేదు, ఆసుపత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గాయి. ఈ రోగికి ఎన్‌కెఫలోపతి లేదు కాబట్టి ఇది ఇవ్వక తప్పని మందేమీ కాదు. ఐఎన్ఆర్ పెరుగుతుంటే చేతులు కట్టుకుని కూర్చోలేక ఇచ్చినదని ఒప్పుకోవడం నిజాయితీ. స్టెరాయిడ్లు ఇవ్వలేదు.

తిండి దగ్గర గట్టి పోరాటమే జరిగింది. కామెర్లకు నూనె, పప్పు, గుడ్డు మానేసి మజ్జిగన్నం మీద ఉంచడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. అప్పటికే 8 కిలోలు పోగొట్టుకున్న మనిషి ఐదు రోజులు అలా ఉన్నాడు. లక్ష్యం రోజుకు 1600 కేలరీలు, 60 గ్రాముల ప్రొటీన్. పప్పన్నం, పెరుగు, రెండు గుడ్లు, పాలు, రాత్రి పడుకునే ముందు మరోసారి టిఫిన్. ఇంతకాలం సరిగ్గా తినని మనిషికి ఒక్కసారిగా పెంచితే ఫాస్ఫేట్, పొటాషియం పడిపోతాయి కాబట్టి సగం నుంచి మొదలుపెట్టి నాలుగు రోజుల్లో పూర్తికి తెచ్చారు. థయమిన్ ముందే ఇచ్చారు.

మూడో రోజు ఐఎన్ఆర్ 2.3, నాలుగో రోజు బిలిరుబిన్ 12.4కి చేరాయి. ఏఎల్‌టీ మాత్రం 512కి దిగింది. ఇక్కడే కొందరు పొరబడతారు. ఏఎల్‌టీ తగ్గిందని సంబరపడితే, చచ్చిపోవడానికి కణాలే మిగలక తగ్గిన సందర్భం కూడా అలాగే కనిపిస్తుంది. ఐఎన్ఆర్‌తో కలిపి చదవాలి. ఆరో రోజుకు ఐఎన్ఆర్ 1.7 కావడంతో ఊపిరి పీల్చుకున్నారు. ఎనిమిదో రోజున ఏఎల్‌టీ 290, బిలిరుబిన్ 8.8. పదిహేనో రోజున 118, 4.1. ఇరవై రెండో రోజున 71, 1.9, ఐఎన్ఆర్ 1.1.

ఈలోగా టీబీ సంగతి? పేగు టీబీలో క్రిముల భారం తక్కువ. అవరోధం గానీ, రంధ్రం గానీ లేవు. కాబట్టి కొన్ని రోజులు ఏ మందూ లేకపోయినా మునిగిపోదు. ఆరో రోజు నుంచి లివర్‌ను పెద్దగా ఇబ్బంది పెట్టని ఎథాంబ్యూటాల్ 800, లెవోఫ్లాక్సాసిన్ 750 మి.గ్రా. మొదలుపెట్టారు. స్ట్రెప్టోమైసిన్ చేర్చలేదు. బిలిరుబిన్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలు తేలిగ్గా దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల్లో కుహరాలున్న రోగి గానీ, మెదడు పొరల టీబీ రోగి గానీ అయితే ఈ నిర్ణయం ఇలా ఉండేది కాదు.

మళ్లీ మొదలుపెట్టడం

అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2006 నాటి మార్గదర్శకం ప్రకారం ఏఎల్‌టీ గరిష్ట సాధారణ విలువకు రెండు రెట్ల లోపు దిగాక రిఫాంపిసిన్, తర్వాత ఐసోనియాజిడ్. బ్రిటిష్ పద్ధతిలో ఐసోనియాజిడ్ ముందు, అదీ చిన్న మోతాదులతో. ఢిల్లీ ఎయిమ్స్‌లో 175 మంది మీద మూడు పద్ధతుల్ని పోల్చారు: అన్నీ ఒకేసారి పూర్తి మోతాదులో, అమెరికా వరుసలో, బ్రిటిష్ వరుసలో. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో హెపటైటిస్ మళ్లీ వచ్చినవారు మొత్తం మీద 10.9 శాతం, మూడు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అల్బుమిన్ తక్కువ ఉన్నవారికే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఒకేసారి ఇచ్చేస్తే పోలేదా? టర్కీలో 2001లో వచ్చిన చిన్న పోలికలో పైరజినమైడ్ లేకుండా మెల్లగా పెంచినవారిలో ఎవరికీ మళ్లీ రాలేదు, పైరజినమైడ్‌తో సహా పూర్తి మోతాదులో ఇచ్చినవారిలో 24 శాతానికి వచ్చింది. అన్నిటికీ మించి, ఒకేసారి ఇస్తే దోషి ఎవరో తెలియదు. అల్బుమిన్ 2.6, ఐఎన్ఆర్ 2.3 దాకా పోయిన ఈ రోగి ఇంకో దెబ్బ తట్టుకునే స్థితిలో లేడు. అందుకే ఒక్కొక్కటిగా, పైరజినమైడ్ జోలికే పోకుండా.

విడి మందులు జిల్లా టీబీ కేంద్రం నుంచి తెప్పించారు. కలయిక మాత్రలతో ఈ పని కాదు. ఇరవై నాలుగో రోజున రిఫాంపిసిన్ 150, మర్నాడు 300, మూడో నాటికి 450. ఎథాంబ్యూటాల్, లెవోఫ్లాక్సాసిన్ కొనసాగాయి. రిఫాంపిసిన్ మొదలైన ఐదో రోజు పరీక్షలో బిలిరుబిన్ 1.7 నుంచి 2.8కి ఎక్కింది, ఏఎల్‌టీ 66.

అన్నీ మళ్లీ ఆపేయాలనిపించే క్షణం ఇదే. ఆపలేదు. బిలిరుబిన్‌ను కణంలోకి, కణంలోంచి పిత్తంలోకి మోసే వాహకాలకు రిఫాంపిసిన్ అడ్డుపడుతుంది. మొదటి రోజుల్లో బిలిరుబిన్ ఒక్కటే కొద్దిగా ఎక్కి, ఏఎల్‌టీ, ఐఎన్ఆర్ నిలకడగా ఉంటే అది కణాల చావు కాదు, ద్వారం దగ్గర రద్దీ. ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. వాంతి వచ్చినా, ఏఎల్‌టీ 120 దాటినా ఆపాలని గీత గీసుకుని, మూడు రోజులకోసారి చూశారు. పదో రోజుకు బిలిరుబిన్ 1.6, ఏఎల్‌టీ 49.

పదకొండో రోజున ఐసోనియాజిడ్ 100, మూడు రోజుల తర్వాత 200, పిరిడాక్సిన్ 10 మి.గ్రా.తో. వారానికి ఏఎల్‌టీ 52, రెండు వారాలకు 38. లెవోఫ్లాక్సాసిన్ ఆపేశారు. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ ఒంటికి సరిపడ్డాయి కాబట్టి అనుమానం పైరజినమైడ్ మీద, కొంత తిప్పతీగ మీద మిగిలింది. రెండింటినీ జీవితాంతం వద్దన్నారు. దోషం తిప్పతీగదే అయి, పైరజినమైడ్‌ను అన్యాయంగా తీసేసి ఉండొచ్చు. దాన్ని తేల్చడానికి మళ్లీ ఇచ్చి చూసే సాహసం కామెర్లు వచ్చిన రోగిలో చేయరు. దానికి మూల్యం మూడు నెలల అదనపు చికిత్స: ఆరు నెలల బదులు తొమ్మిది.

తొలి దశలో 14 రోజులకు మించి అంతరాయం వచ్చింది కాబట్టి పాత 41 రోజులు లెక్కలోకి రావు. మూడు మందులూ పూర్తి మోతాదుకు చేరిన రోజే మొదటి రోజు. ఇక్కడో సౌకర్యం ఉంది. రెండో దశకు ఇచ్చే మూడు మందుల మాత్రలో పైరజినమైడ్ ఉండదు. రోజుకు 3 వేస్తే ఐసోనియాజిడ్ 225, రిఫాంపిసిన్ 450, ఎథాంబ్యూటాల్ 825 సరిగ్గా సరిపోతాయి, విడి మందుల గొడవ ఉండదు. ఇక్కడే ఓ ప్రమాదం కూడా ఉంది. టీబీ రోగుల ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు నిక్షయ్‌లో రోగి "కొత్తగా తొలి దశ" అని కనిపిస్తే తర్వాతి నెల నాలుగు మందుల పెట్టె ఇంటికి రావచ్చు. అందుకే నమోదు మార్పించి, ఆశా కార్యకర్తతో ఫోన్‌లో మాట్లాడి, రోగి చేతికి పాత, కొత్త ఖాళీ స్ట్రిప్పులు రెండూ ఇచ్చి ఏది వద్దో గుర్తు పెట్టించారు. డిశ్చార్జ్ కాగితం మీద రాసినదాన్ని ఇంట్లో ఎవరూ చదవరు, స్ట్రిప్పును మాత్రం చూస్తారు.

తర్వాత

లివర్ పరీక్ష మొదటి రెండు నెలలు పక్షానికోసారి, ఆపైన నెలకోసారి. రెండు నెలలకు కొలనోస్కోపీలో పుళ్లు పూర్తిగా మానాయి, కవాటం దగ్గర మచ్చ, కొద్దిపాటి ఇరుకు మిగిలాయి. స్కోపు చివరి ఇలియంలోకి వెళ్లింది, ఇరుకును బెలూన్‌తో వెడల్పు చేసే అవసరం రాలేదు. పుళ్లు ఈ సమయానికి మానకపోయి ఉంటే మందు నిరోధకత, క్రోన్స్ రెండూ మళ్లీ బల్ల మీదకు వచ్చేవి. గుడగుడ నొప్పి మాత్రం నాలుగో నెల దాకా అడపాదడపా వచ్చింది. పుండు మానేటప్పుడు పేగు ఇంకాస్త ముడుచుకోవడం వల్ల అలా జరుగుతుంది, మందు పనిచేయట్లేదని కాదు. పీచు ఎక్కువున్న కూరలు, చెరుకు, మాంసం తునకలు ఆ నాలుగు నెలలు మాన్పించారు.

ఐదో నెలలో బరువు 51 కిలోలు, ఈసారి త్రాసు మీద. బరువు తరగతి మారింది కాబట్టి మాత్రలు 3 నుంచి 4కి పెంచి, వారానికి ఏఎల్‌టీ చూశారు: 31. తొమ్మిది నెలలు పూర్తయ్యేసరికి బరువు 54, అల్బుమిన్ 3.9. మద్యం ఏడో నెల దాకా ముట్టలేదు, ఒక పెళ్లిలో రెండు రోజులు తాగాడు. ఆ వారం ఏఎల్‌టీ 68కి ఎక్కింది. మందులు ఆపకుండా పది రోజుల తర్వాత మళ్లీ చూస్తే 36.